అనువాదం తొలి ముద్రణ కూడా తొలి ముద్రణే

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సాహిత్యం పేజీలో అరుదైన పుస్తకాల సేకరణ మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇష్టంగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రూఫులు దిద్దిన మనిషిని. రిటైరయ్యాక దిద్దే పని పోయింది గానీ, అచ్చులో అంకె కనపడితే సరిచూసుకునే జబ్బు పోలేదు.

ముందు ఆ అంకె సంగతి. కాఫ్కా నవల 'ది ట్రయల్' ఇంగ్లీషు తొలి ముద్రణ 1930 అని వేశారు. 1930లో వచ్చింది ఆయనదే ఇంకో నవల 'ది క్యాసిల్'. లండన్‌లో మార్టిన్ సెకర్ వేశాడు. 'ది ట్రయల్' రావడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. దాన్ని 1937లో విక్టర్ గొలాంజ్ వేశాడు. రెండింటినీ జర్మన్ నుంచి తెచ్చింది విల్లా మ్యూర్, ఎడ్విన్ మ్యూర్ దంపతులే కాబట్టి ఎక్కడో కలగాపులగం అయి ఉంటుంది. సవరణ ఒక్క లైను వేస్తే చాలు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మాత్రం వేరే. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లకు వ్యాసం చివర ఒక సలహా ఇచ్చారు. మోడర్నిస్టు నవలలు, అంటే ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల ప్రయోగాత్మక నవలలు, పోగు చేయాలనుకుంటే మూలభాషలో వచ్చిన తొలి ముద్రణలే కొనండి, అనువాదాలు ఎన్నిసార్లయినా వస్తుంటాయి, వాటి తొలి ముద్రణకు ప్రత్యేకమైన విలువేమీ ఉండదు అని. నేను చాలా ఏళ్లుగా పోగు చేస్తున్నవి సరిగ్గా అవే, అనువాదాల తొలి ముద్రణలు. అందుకని చదవగానే ఉక్రోషం వచ్చిన మాట నిజం. అది తగ్గాక కూడా ఆ సలహా నాకు సరిగా అనిపించలేదు. ఎందుకో చెబుతాను.

యెవ్గెనీ జమ్యాతిన్ నవల 'వీ' తీసుకోండి. ఆయన దాన్ని 1920, 21 ప్రాంతంలో రష్యన్‌లో రాశాడు. సోవియట్ సెన్సారు అచ్చుకు ఒప్పుకోలేదు. ఆ నవల పుస్తకరూపంలో ప్రపంచంలోనే మొట్టమొదట వచ్చింది 1924లో, న్యూయార్క్‌లో, డటన్ కంపెనీ ప్రచురణగా, ఇంగ్లీషులో. రష్యన్‌లో పూర్తి నవల పుస్తకంగా రావడానికి 1952 దాకా పట్టింది. అదీ న్యూయార్క్‌లోనే. అప్పటికి రచయిత పోయి పదిహేనేళ్లు. ఆయన సొంత దేశంలో 1988లో గానీ అచ్చవలేదు. మరి మీ వ్యాసకర్త సలహా ప్రకారం సేకరించేవాళ్లు ఏ ప్రతి కోసం వెతకాలి? 1924 నాటి ఇంగ్లీషు పుస్తకాన్ని పక్కకు నెట్టి, ముప్పై ఏళ్ల దగ్గర దగ్గర ఆలస్యంగా వచ్చిన రష్యన్ పుస్తకాన్ని అసలుది అనుకోవాలా? ఆ 1924 ప్రతిని అనువదించిన గ్రెగరీ జిల్‌బోర్గ్ తర్వాత అమెరికాలో పేరున్న సైకియాట్రిస్టు అయ్యాడు. సంగీతకారుడు జార్జ్ గెర్ష్విన్ ఆయన దగ్గరికి వెళ్లేవాడు. ఇది ఇక్కడ అవసరం లేని సంగతే. కానీ ఈ పుస్తకాల వెనక ఎలాంటి మనుషులుంటారో తెలుస్తుందని రాశాను.

ఇది ఒక్కటే అయితే ఏదో మినహాయింపు అని వదిలేయొచ్చు. ఆస్ట్రియా రచయిత హెర్మన్ బ్రోహ్ నవల 'ది డెత్ ఆఫ్ వర్జిల్' ఉంది. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్నాక 1938లో బ్రోహ్‌ను జైల్లో వేశారు. బయటపడి అమెరికా చేరాడు. అక్కడ జీన్ స్టార్ అంటర్‌మేయర్ అనే కవయిత్రి ఆయన పక్కన కూర్చుని ఏళ్ల తరబడి ఆ నవలను ఇంగ్లీషు చేసింది. 1945లో జర్మన్ మూలం, ఇంగ్లీషు అనువాదం రెండూ ఒకే ఏడాది, ఒకే ప్రచురణకర్త దగ్గర, ఒకే ఊళ్లో వచ్చాయి. ఆ ఊరు న్యూయార్క్, ఆ సంస్థ పాంథియన్. పాంథియన్‌ను స్థాపించిన కుర్ట్ వోల్ఫ్ ఎవరో తెలుసు కదా. 1915లో లైప్‌జిగ్‌లో కాఫ్కా 'రూపాంతరం' కథను పుస్తకంగా వేసిన ప్రచురణకర్త. నాజీల కాలంలో దేశం వదిలిపోయి, పరాయి దేశంలో మళ్లీ అచ్చు పని మొదలుపెట్టాడు. ఈ రెండు పుస్తకాలనూ, ఆ 1915 పుస్తకాన్నీ ఒకే అరలో పెట్టగలిగినవాళ్ల అదృష్టం నాకు లేదు. 1945 ఇంగ్లీషు ప్రతి మాత్రం ఉంది. జాకెట్, అంటే అట్ట మీద తొడిగే కాగితం, లేదు. వెన్ను ఎండకు వెలిసిపోయింది. అయినా దాన్ని నకలు అంటే నేను ఒప్పుకోను.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది పోలండ్ రచయిత గొంబ్రోవిచ్ నవల 'ఫెర్డిడుర్కె' సంగతి. పోలిష్ తొలి ముద్రణ వార్సాలో 1937లో వచ్చింది. పుస్తకం మీద 1938 అని ఉంటుంది. అట్ట బొమ్మ బ్రూనో షుల్జ్ వేశాడు, ఆయన కూడా గొప్ప కథకుడే. 1939 ఆగస్టులో గొంబ్రోవిచ్ ఓడలో అర్జెంటీనా వెళ్లాడు. అక్కడ దిగాక కొద్దిరోజులకే యుద్ధం మొదలైంది. వెనక్కి వెళ్లే దారి లేక, చేతిలో డబ్బు లేక, 1963 దాకా అక్కడే ఉండిపోయాడు. అక్కడివాళ్లకు ఆయన రచయిత అని తెలియాలంటే పుస్తకం స్పానిష్‌లో ఉండాలి. ఆయనకేమో స్పానిష్ అంతంతమాత్రం. సాయానికి వచ్చిన మిత్రులకు పోలిష్ ముక్క రాదు. ఆయన తనకు వచ్చిన స్పానిష్‌లో ఒక ముతక అనువాదం రాసుకుని, బ్యూనస్ ఐరిస్‌లో చదరంగం ఆడుకునే రెక్స్ అనే కేఫ్‌కు పట్టుకుపోయేవాడు. అక్కడ చుట్టూ చేరినవాళ్లు ఒక్కో వాక్యం మీద వాదించుకుని సరిచేసేవాళ్లు. దానికి కమిటీ అని పేరు పెట్టుకున్నారు. అధ్యక్షుడు క్యూబా రచయిత విర్జిలియో పిన్యేరా. 1947లో ఆర్గోస్ అనే సంస్థ ఆ స్పానిష్ పుస్తకాన్ని వేసింది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఈ 1947 ప్రతిని ఏమని పిలవాలి? రచయిత స్వయంగా కూర్చుని, తన నవలను ఇంకో భాషలో మళ్లీ రాసుకున్న పుస్తకం అది. కేటలాగులో అనువాదం అనే రాస్తారు, రాయాల్సిందే. సేకరించేవాడి కంటికి అది రచయిత రెండో చేతిరాత లాంటిది. ఇక 1961లో వచ్చిన ఇంగ్లీషు ప్రతి నా దగ్గరుంది. ఎరిక్ మోస్‌బాకర్ చేసింది. అది పోలిష్ నుంచి నేరుగా చేసింది కాదు, ఇతర భాషల అనువాదాల మీదుగా వచ్చింది. పోలిష్ నుంచి నేరుగా ఇంగ్లీషు చేసిన దనూతా బోర్చార్డ్ ప్రతి 2000లో గానీ రాలేదు. చదవడానికి ఎవరికైనా 2000 నాటి ప్రతినే ఇస్తాను. బీరువాలో మాత్రం రెండూ ఉండాలి. ఒక నవల ఎన్ని దారులు తిరిగి పాఠకుడి దాకా వచ్చిందో ఈ పాత ప్రతి చేతిలో ఉంటేనే నమ్మకం కుదురుతుంది.

అనువాదాలు ఎన్నిసార్లయినా వస్తాయి అన్నారు కదా. తొలి ముద్రణ కావాలనేది అందుకే. 'ది క్యాసిల్' చూడండి. కాఫ్కా దాన్ని పూర్తి చేయలేదు. చేతిరాత ప్రతి వాక్యం మధ్యలో ఆగిపోయింది. మిత్రుడు మాక్స్ బ్రాడ్ 1926లో దాన్ని అచ్చుకిచ్చినప్పుడు, ముగిసిన నవలలా కనిపించాలని చివరి భాగం చాలావరకు వదిలేశాడు. మ్యూర్ దంపతులు 1930లో అనువదించింది ఆ కత్తిరించిన ప్రతినే. మిగిలిన భాగం తర్వాతి జర్మన్ ముద్రణల్లో చేరింది. ఇంగ్లీషులో అది 1953లో వచ్చింది. చేర్పులను అనువదించింది ఐత్నె విల్కిన్స్, ఎర్నెస్ట్ కైజర్. అంటే ఇంచుమించు పాతికేళ్లపాటు ఇంగ్లీషులో చదివినవాళ్లందరికీ తెలిసిన 'క్యాసిల్' వేరు, ఇప్పుడు మనం చదివే 'క్యాసిల్' వేరు. ఆ కాలంలో కాఫ్కా గురించి ఇంగ్లీషులో ఎవరేం రాశారో అర్థం చేసుకోవాలంటే వాళ్లు చదివిన ప్రతినే చదవాలి. అది తర్వాతి ముద్రణల్లో దొరకదు. పైగా 1930లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు సెకర్ సంస్థే దివాలా తీసి చేతులు మారింది. అరుదైనదంటే మరి ఇంకెలా ఉండాలి?

జేమ్స్ జాయ్స్ ఇంగ్లీషు నవల 'యులిసీజ్' జర్మన్ అనువాదం విషయమూ అంతే. గియోర్గ్ గోయెర్ట్ అనువాదం 1927లో మూడు సంపుటాలుగా, చందాదారుల కోసం ప్రైవేటుగా వచ్చింది. జాయ్స్‌కు తృప్తి కలగలేదు. దిద్దిన ప్రతి 1930లో వచ్చింది. ప్రూఫులు దిద్దినదాన్ని కాబట్టి నాకు ఆ దిద్దుబాటుకు ముందున్న ప్రతి మీదే ఆశ. ఫ్రెంచ్ 'యులిస్' 1929లో పారిస్‌లో ఆద్రియెన్ మొన్నియే తన పుస్తకాల దుకాణం పేరు మీద వేసింది. దాని టైటిల్ పేజీ చూడాలి మీరు. అనువాదం ఒగుస్త్ మొరెల్, సాయం స్టూవర్ట్ గిల్బర్ట్, మొత్తం సరిచూసింది వాలెరీ లార్బో, రచయిత సహకారంతో అని వరసగా ఉంటుంది. ఎవరి పేరు ఎక్కడుండాలో, ఎవరి పని ఎంతో తేల్చుకోవడానికి ఆ నలుగురి మధ్య ఎంత టెన్షన్ నడిచిందో ఆ నాలుగు ముక్కలు చెబుతాయి. ఆ తర్వాత 1945లో బ్యూనస్ ఐరిస్‌లో మొదటి స్పానిష్ 'యులిసీజ్' తెచ్చిన సాలాస్ సుబిరాత్ ఇన్సూరెన్సు ఉద్యోగి. పండితుడూ కాదు, ప్రొఫెసరూ కాదు. ఆ అనువాదంలో తప్పులున్నాయని తర్వాత ఎందరో అన్నారు. లాటిన్ అమెరికాలో ఒక తరం రచయితలు జాయ్స్‌ను చదువుకున్నది మాత్రం అందులోనే.

ఫ్రెంచ్ నవలాకారుడు ప్రూస్ట్ సంగతి ఎత్తితే ఈ ఉత్తరం ఆగదు. అయినా ఒక్క మాట. ఆయన అనేక భాగాల నవలలో స్కాట్ మాంక్రీఫ్ ఇంగ్లీషు చేసిన మొదటి భాగం 'స్వాన్స్ వే' 1922 సెప్టెంబరులో చాటో అండ్ విండస్ నుంచి రెండు పుస్తకాలుగా వచ్చింది. ప్రూస్ట్ నవంబరు 18న పోయాడు. ఆయన బతికుండగా వచ్చిన ఇంగ్లీషు భాగం అదొక్కటే. ఆ తర్వాతి భాగాల సెట్టు కూర్చడమంటే యజ్ఞమే. ఏళ్ల తరబడి ఒక్కోటీ వచ్చింది. మధ్యలో ప్రచురణకర్త మారాడు. 1930లో స్కాట్ మాంక్రీఫ్ పోయాడు. చివరి భాగం 1931లో స్టీఫెన్ హడ్సన్ అనే కలం పేరుతో ఇంకొకరు చేశారు. అమెరికాలో అదే చివరి భాగం 1932లో వేరే అనువాదకుడి చేత, వేరే పేరుతో వచ్చింది. నా దగ్గర సెట్టు లేదు. చివరిదొక్కటే ఉంది. మొదటిది దొరికేలోగా ఏమవుతుందో చూద్దాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మీ వ్యాసం సలహా ఇచ్చింది కాబట్టి నేనూ నాలుగు సంగతులు చెబుతాను. వరసగా చెప్పలేను, గుర్తొచ్చినట్టు చెబుతాను.

అనువాదాల్లో ఎక్కువ మోసం జరిగేది కాపీరైట్ పేజీ దగ్గర. ఆ పేజీలో మూలగ్రంథం కాపీరైట్ సంవత్సరం కూడా ఉంటుంది. అమ్మేవాళ్లు దాన్నే తొలి ముద్రణ సంవత్సరంగా రాసేస్తారు. 'ది ట్రయల్' ఇంగ్లీషు ప్రతికి 1925 అని వేసి అమ్మకానికి పెడితే అది జర్మన్ ముద్రణ సంవత్సరమని మనం గుర్తుపట్టాలి. బ్రిటిష్ ప్రచురణల్లో ఫలానా సంవత్సరం తొలి ప్రచురణ అన్న లైను కింద పునర్ముద్రణల జాబితా లేదంటే చాలావరకు నమ్మొచ్చు. జాబితా ఉంటే ఆఖరి అంకె చూడాలి. చాలా అమెరికన్ పుస్తకాల్లో ఒకటి నుంచి పదిదాకా అంకెల వరస కనిపించేది బాగా తర్వాతి కాలంలోనే. 1920, 30ల పుస్తకాలకు ఆ వరస కోసం వెతికి లాభం లేదు. ఇక మోడర్న్ లైబ్రరీ లాంటి చవక సిరీస్‌ల పుస్తకాల్లో ఒక్కోసారి 'ఈ సిరీస్‌లో తొలి ముద్రణ' అని ఉంటుంది. చదివేవాడు 'తొలి ముద్రణ' దగ్గరే ఆగిపోతే అమ్మేవాడికి పండగే. 'తొలి అమెరికన్ ముద్రణ' అన్నా అంతే. లండన్‌లో అంతకుముందే వచ్చి ఉండొచ్చు.

ఒకే అనువాదం రెండు దేశాల్లో రెండు పేర్లతో రావడం ఇంకో తలనొప్పి. స్టూవర్ట్ గిల్బర్ట్ అనువదించిన కామూ నవల 1946లో లండన్‌లో 'ది అవుట్‌సైడర్', న్యూయార్క్‌లో 'ది స్ట్రేంజర్'. రిల్కే రాసిన ఒకే ఒక్క నవల 1930లో హోగార్త్ ప్రెస్ దగ్గర మాల్టె పేరుతో వచ్చి, అదే ఏడాది నార్టన్ దగ్గర 'ది జర్నల్ ఆఫ్ మై అదర్ సెల్ఫ్' అయింది. సార్త్ర్ 'నాసియా' 1949లో లండన్‌లో కథానాయకుడి డైరీ అనే పేరుతో వచ్చింది. అనువదించిన లాయిడ్ అలెగ్జాండర్ ఆ తర్వాత పిల్లల నవలలతో పేరు తెచ్చుకున్నాడు. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత అని నెలలతో సహా తెలుసుకోకుండా కొనకూడదు. తెలుసుకున్నాక రెండూ కావాలనిపిస్తుంది. అది వేరే బాధ.

జాకెట్ గురించి వ్యాసంలో బాగానే రాశారు. గ్రంథాలయాలు జాకెట్ తీసేసి, లోపల ముద్రలు కొట్టి, వెన్ను మీద నంబరు అంటిస్తాయి. 1930ల నాటి అనువాదాల ప్రతులు చాలా గ్రంథాలయాలకు వెళ్లాయి. కాబట్టి జాకెట్‌తో ఉన్న ప్రతులు తక్కువ. జాకెట్ మడతలో వెల కత్తిరించేసి ఉంటే అనుమానించాలి. అమెరికన్ ప్రతి అయితే, వెల లేకుండా, వెనక అట్ట కింది మూలలో చిన్న నొక్కుడు గుర్తు ఉంటే అది చాలావరకు బుక్ క్లబ్ ప్రతి, అంటే సభ్యుల కోసం విడిగా వేసింది. వ్యాసంలో రాయనిది నకిలీ జాకెట్ల సంగతి. ఒకసారి ఒక విక్రేత 1930ల నాటి నవల ఒకటి జాకెట్‌తో సహా పంపాడు. ప్రూఫులకు వాడే భూతద్దం ఇంకా నా దగ్గరే ఉంది. పెట్టి చూస్తే, నిండు రంగు ఉండాల్సిన చోట చుక్కలు చుక్కలుగా కనిపించింది. పాత లెటర్‌ప్రెస్ అచ్చులో, అంటే సిరా పూసిన అక్షరాలను కాగితం మీద నొక్కి వేసే అచ్చులో, అక్షరం అంచున సిరా కొంచెం పేరుకుని ఉంటుంది, కాగితం వెనక తడిమితే నొక్కు తెలుస్తుంది. దీనికి ఆ రెండూ లేవు. నకలు జాకెట్ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, అట్టకు రక్షణ. చెప్పకుండా అమ్మడమే తప్పు. తిప్పి పంపేశాను. పంపుతూ భూతద్దంలో కనిపించిందంతా ఒక పేజీ రాసి జత చేశాను. దానికి జవాబు రాలేదు.

జాకెట్ మాట వచ్చింది కాబట్టి. 1915లో 'రూపాంతరం' అట్టకు బొమ్మ వేయిస్తున్నారని తెలిసి కాఫ్కా కంగారుపడి ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. ఆ పురుగును మాత్రం వేయొద్దు, దూరం నుంచి కూడా చూపించొద్దు అని. ఒట్టోమార్ స్టార్కె వేసిన అట్ట మీద మొహం చేతుల్లో దాచుకున్న మనిషి, అతని వెనక సగం తెరిచిన తలుపు ఉంటాయి. అంతే. ఆ తర్వాత వచ్చిన అనువాదాల అట్టలు చూడండి, ఎన్నెన్ని పురుగులో! అనువాదాల తొలి ముద్రణలు పోగు చేసేవాళ్లకు ఈ సరదా ఒకటి అదనం. రచయిత మాట ఏ దేశం విన్నదో, ఏ దేశం వినలేదో అరలు చూస్తే తెలిసిపోతుంది. ఈ కథ ఇంగ్లీషులో విడిగా చిన్న పుస్తకంగా 1937లో పార్టన్ ప్రెస్ నుంచి వచ్చింది. అనువదించిన ఎ. ఎల్. లాయిడ్ తర్వాత జానపద గాయకుడిగా ప్రసిద్ధుడయ్యాడు.

ఫ్రెంచ్ పుస్తకాలు కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. వాళ్ల ప్రచురణకర్తలు అట్ట మీద పదో ముద్రణ, ఇరవయ్యో ముద్రణ అని ఉత్తుత్తి అంకెలు వేసేవాళ్లు, బాగా అమ్ముడుపోతోందని చూపించుకోవడానికి. అలాంటి అంకె ఉన్నంత మాత్రాన తొలి ముద్రణ కాదని తోసేయకండి. పుస్తకం చివర అచ్చు పూర్తయిన తేదీ ఉంటుంది, అది చూడండి. నాకు ఫ్రెంచ్ రాదు. అయినా ఒక ఫ్రెంచ్ పుస్తకం ఉంచుకున్నాను. వర్జీనియా వుల్ఫ్ 'ది వేవ్స్' నవలకు మార్గరీత్ యూర్సెనార్ చేసిన అనువాదం, 1937లో స్టాక్ సంస్థ వేసింది. అప్పటికి యూర్సెనార్ పెద్ద పేరున్న రచయిత్రి కాదు. లండన్ వెళ్లి వుల్ఫ్‌ను స్వయంగా కలిసి మాట్లాడి వచ్చింది. నా ప్రతిలో సగం ఫారాలు, అంటే పేజీలుగా మడిచిన కాగితాలు, మడతలు కోయకుండానే ఉన్నాయి. అంటే ఎవరో సగం చదివి వదిలేశారు. కోసి చదివే భాష నాకు రాదు కాబట్టి ఆ సగం అలాగే ఉంటుంది. సేకరించేవాళ్లు కోయకూడదని కొందరంటారు. చదవగలిగినవాళ్లు కోసుకోవాలనే నా అభిప్రాయం.

మూలభాష తొలి ముద్రణే కొనండి అనే సలహాలో నాకు నచ్చనిది ఇదే. జర్మన్, పోలిష్, రష్యన్, ఇటాలియన్ అన్నీ వచ్చినవాళ్లు ఎంతమంది? రానివాళ్లు ఆ పుస్తకాలు కొంటే అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడమే. రాని భాష పుస్తకం నేనూ ఒకటి పెట్టాను, చెప్పాను కదా. అరనిండా అవే ఉంటే చదివేదెప్పుడు? పెట్టుబడిగా కొనేవాళ్లయితే అది వేరు, వాళ్లకు నా దగ్గర సలహాలేమీ లేవు. ఇటలీ రచయిత ఇటాలో స్వేవో తన జెనో నవలను 1923లో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నాడు. అది నా చేతికి వస్తే కళ్లకద్దుకుంటాను, అంతకుమించి ఏమీ చేయలేను. బెరిల్ ద జూట్ చేసిన 1930 ఇంగ్లీషు ప్రతిని మాత్రం ఇప్పటికీ తీసి చదువుకుంటాను.

నిల్వ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆ కాలపు కాగితంలో ఆమ్లం ఎక్కువ, పేజీలు పసుపెక్కి అంచులు విరుగుతాయి. ఎండ తగలనివ్వకండి, తేమ పెరగనివ్వకండి, జాకెట్‌కు పాలిస్టర్ తొడుగు వేయండి. చిరిగిన చోట మామూలు సెల్లోటేపు అంటించడం కన్నా చిరిగినట్టే ఉంచడం మేలు.

ఇక మిమ్మల్ని అడగదలచుకున్నది. మీ వ్యాసంలో పన్నెండు నవలల పేర్లున్నాయి. వాటిలో సగం అనువాదాల పేరుతోనే ఉదహరించారు. ఒక్క అనువాదకుడి పేరు లేదు, ఒక్క అనువాదకురాలి పేరు లేదు. విల్లా మ్యూర్ విషయమే చూడండి. కాఫ్కా అనువాదాల్లో ఎక్కువ భాగం తానే చేశానని, ఎడ్విన్ చేసింది సాయమేనని ఆమె 1950లలో తన డైరీలో రాసుకుంది. బయట మాత్రం చాలాకాలం ఆయన పేరే ముందు, ఆమె పేరు తోకలా వెనక. ఈ తొలి ముద్రణల టైటిల్ పేజీల మీద ఆమె పేరుంది. సమీక్షల్లో జారిపోయింది. జమ్యాతిన్ 1924 ప్రతికి జిల్‌బోర్గ్ పేరు చెప్పకపోతే ఏ ప్రతి గురించి మాట్లాడుతున్నామో కూడా తెలియదు. బుల్గకోవ్ 'మాస్టర్ అండ్ మార్గరీటా' 1967లో ఒకే ఏడాది రెండు ఇంగ్లీషు అనువాదాలుగా వచ్చింది. మిర్రా గిన్స్‌బర్గ్ చేసింది సెన్సారు కత్తిరించిన పత్రిక పాఠం నుంచి, మైకేల్ గ్లెన్నీ చేసింది అంతకన్నా పూర్తి పాఠం నుంచి. అనువాదకుల పేరు వేయకుండా '1967 తొలి ముద్రణ' అని రాస్తే పాఠకుడు ఏది కొనుక్కోవాలి?

మీ పుస్తక పరిచయాల కాలమ్‌లో పేజీలెన్నో, వెల ఎంతో, ప్రతులు ఎక్కడ దొరుకుతాయో వేస్తున్నారు. అనువాదమైనప్పుడు అనువాదకుల పేరు, ఏ భాషలోని ఏ సంవత్సరపు ముద్రణ నుంచి చేశారో కూడా అక్కడే వేయొచ్చు. ఒక్క లైను ఎక్కువవుతుంది. జాగా చాలకపోతే నా ఈ ఉత్తరంలో లాయిడ్ అలెగ్జాండర్ దగ్గర రెండు వాక్యాలు కోసేయండి. 'ది ట్రయల్' 1937 అన్న సవరణ మాత్రం కోయకండి.

ఇట్లు,
విశ్రాంత ప్రూఫ్‌రీడర్,
మీ పాత పాఠకురాలు